ఆర్థికపత్రాల్లోని అరబ్బీ పాఠం - వీసా దరఖాస్తు కోసం అనువాదం: పదాలు, అంకెలు, తేదీలు, పేర్లు

వ్యాససంగ్రహం:

గల్ఫ్ దేశాల్లో పనిచేసే తెలుగువారు బ్రిటన్, అమెరికా, కెనడా వంటి దేశాల వీసాలకు దరఖాస్తు చేసేటప్పుడు బ్యాంకు ఖాతా వివరణపత్రం, జీతపు ధ్రువపత్రం, అద్దె ఒప్పందం మొదలైన ఆర్థికపత్రాలను జతచేయవలసి ఉంటుంది. వీటిలో అరబ్బీ భాషలో ఉన్న భాగాన్ని ఇంగ్లీషులోకి అనువదించి ఇవ్వాలి. ఈ అనువాదం చేసేవారికి ఎదురయ్యే భాషాపరమైన చిక్కులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. తెలుగులో స్థిరపడిన అరబ్బీ, పారసీక పదాలు అనువాదకుణ్ణి ఎలా తప్పుదారి పట్టించగలవో, అరబ్బీ సంఖ్యావాచకాల నిర్మాణం, హిజ్రీ తేదీలు, తెలుగు వ్యక్తినామాల లిప్యంతరీకరణ ఏ మేరకు జాగ్రత్తను కోరుతాయో ఉదాహరణలతో పరిశీలించడమైంది. ఇది వర్ణనాత్మక, తులనాత్మక పద్ధతిలో సాగిన వ్యాసం. ఉదాహరణలుగా ఇచ్చిన పత్రభాగాలు గల్ఫ్ పత్రాల్లో తరచుగా కనిపించే వాక్యరూపాల ఆధారంగా ఏర్పరచుకున్నవి. ఏ వ్యక్తి పత్రానికీ నకళ్ళు కావు.

కీలకపదాలు: అనువాదం, అరబ్బీ, ఆర్థికపత్రాలు, వీసా, అన్యదేశ్యాలు, హిజ్రీ తేదీలు, లిప్యంతరీకరణ, గల్ఫ్ వలస.

1. ప్రవేశిక:

తెలుగులో అనువాదాన్ని గురించిన చర్చ ఎక్కువగా సాహిత్యం చుట్టూ సాగింది. రాచమల్లు రామచంద్రారెడ్డి 'అనువాద సమస్యలు' వంటి గ్రంథాలు మనకు మార్గదర్శకాలుగా ఉన్నాయి. కవిత్వంలో ధ్వని, నవలలో మాండలికం, నాటకంలో సంభాషణ ఎలా అనువదించాలన్న అంశాలపై విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు వచ్చాయి. కాని ఒక సామాన్యుడి జీవితాన్ని నేరుగా ప్రభావితం చేసే అనువాదం మరొకటి ఉంది. అది పత్రానువాదం. అందులో రసభంగం జరగదు; దరఖాస్తు తిరస్కరణ జరుగుతుంది.

కడప ప్రాంతం నుంచి కువైట్‌కూ, కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాల నుంచి దుబాయి, సౌదీ అరేబియా, కతర్ తదితర దేశాలకూ వలసవెళ్ళిన కుటుంబాలు కొన్ని దశాబ్దాలుగా ఉన్నాయి. ఆ కుటుంబాల రెండోతరం చదువుకోసం బ్రిటన్, కెనడా వెళ్తున్నది. చదువు ఖర్చులు భరించే తండ్రి జీతం గల్ఫ్‌లోని బ్యాంకులో పడుతుంది. అంటే కొడుకు వీసాకు ఆధారం తండ్రి అరబ్బీ పత్రం. గల్ఫ్ బ్యాంకుల వివరణపత్రాలు ఇంగ్లీషులోనో, రెండు భాషల్లోనో దొరకడం ఇప్పుడు మామూలే. అయినా చిన్న కంపెనీల జీతపు ధ్రువపత్రాలు, అద్దె ఒప్పందాలు, వ్యాపార అనుమతిపత్రాలు, రబ్బరు ముద్రలు, చేతిరాత వ్యాఖ్యలు అరబ్బీలోనే ఉండటం సాధారణం. వాటిని అనువదించక తప్పదు.

2. వీసా కార్యాలయాలు కోరే అనువాదం:

దేశాన్ని బట్టి నియమాలు మారినా వాటి సారం ఒక్కటే: అనువాదం సంపూర్ణంగా ఉండాలి, దానికి బాధ్యుడైన వ్యక్తి ఎవరో తెలియాలి.

బ్రిటన్: ఇంగ్లీషులోగాని వెల్ష్‌లోగాని లేని పత్రానికి పూర్తి అనువాదం జతచేయాలి. అది మూలానికి సరియైన అనువాదమన్న అనువాదకుని ధ్రువీకరణ, అనువదించిన తేదీ, అనువాదకుని పూర్తి పేరు, సంతకం, సంప్రదించవలసిన వివరాలు అందులో ఉండాలి.

అమెరికా: వలసవ్యవహారాల విభాగానికి సమర్పించే పరభాషా పత్రానికి పూర్తి ఇంగ్లీషు అనువాదం ఉండాలి. అది సంపూర్ణమనీ, సరియైనదనీ అనువాదకుడు ధ్రువీకరించాలి. ఆ భాష నుంచి ఇంగ్లీషులోకి అనువదించే సామర్థ్యం తనకున్నదని కూడా ప్రకటించాలి.

కెనడా: ఇంగ్లీషు లేదా ఫ్రెంచి అనువాదం ఇవ్వాలి. గుర్తింపు పొందిన అనువాదకుడు చేయనప్పుడు ప్రమాణపత్రం జతపరచాలి. దరఖాస్తుదారుని కుటుంబసభ్యులు చేసిన అనువాదం చెల్లదు.

ఆస్ట్రేలియా: ఆ దేశంలో చేయించే అనువాదం అక్కడి జాతీయ సంస్థ గుర్తింపు పొందినవారు చేసినదై ఉండాలి. ఇతర దేశాల్లో చేయించినప్పుడు అనువాదకుని పేరు, చిరునామా, ఫోను నంబరు, అర్హతల వివరాలు ఇవ్వాలి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. వీసా అధికారి సాధారణంగా మూలపత్రాన్ని చదవలేడు. ఆయనకు అనువాదమే పాఠం. అనువాదంలో మొత్తం ఒకటిగా, జతచేసిన ఇంగ్లీషు పత్రంలో మరొకటిగా కనిపిస్తే ఆయన దానిని అనువాదకుని పొరపాటుగా భావించవలసిన అవసరం లేదు. పత్రమే కల్పితమని అనుమానించవచ్చు. బ్రిటన్ నియమాల ప్రకారం దరఖాస్తులో మోసం జరిగినట్లు తేలితే పదేళ్ళపాటు ప్రవేశం నిరాకరించే అవకాశం ఉంది. అందుచేత ఒక సున్న, ఒక అక్షరం, ఒక తేదీ విషయంలోని అజాగ్రత్త ఒక విద్యార్థి భవిష్యత్తును తాకుతుంది.

3. పత్రానువాద స్వభావం:

జర్మన్ అనువాద సిద్ధాంతవేత్త హాన్స్ వెర్మీర్ ప్రతిపాదించిన స్కోపోస్ సిద్ధాంతం ప్రకారం అనువాద విధానాన్ని నిర్ణయించేది దాని ప్రయోజనం. క్రిస్టియానె నోర్డ్ ఈ ఆలోచనను విస్తరించి అనువాదాలను రెండు విధాలుగా చూశారు. మూలపాఠంలో ఏముందో చూపించే అనువాదం ఒకటి. లక్ష్యభాషలో తానే స్వతంత్రంగా పనిచేసే అనువాదం మరొకటి. వీసా కోసం చేసే అనువాదం మొదటి రకానికి చెందినది. అది జీతపు ధ్రువపత్రాన్ని ఇంగ్లీషులో కొత్తగా తయారుచేయదు. అరబ్బీ ధ్రువపత్రంలో ఏముందో అధికారికి చూపిస్తుంది.

ఈ తేడా నుంచి ఒక ఆచరణసూత్రం వస్తుంది. అనువాదకుడు మూలాన్ని సరిదిద్దకూడదు, అలంకరించకూడదు, దరఖాస్తుదారునికి ఇబ్బంది కలిగించే భాగాన్ని వదిలిపెట్టకూడదు. గల్ఫ్ కంపెనీల జీతపు ధ్రువపత్రాల చివర తరచుగా ఒక వాక్యం కనిపిస్తుంది. ఉద్యోగి కోరికమేరకు ఈ పత్రం ఇచ్చామనీ, దీనివల్ల కంపెనీకి ఎలాంటి బాధ్యతా లేదనీ దాని భావం. ఇది దరఖాస్తును బలహీనపరుస్తుందన్న భయంతో దానిని వదిలేయడం సరికాదు. వదిలిన వాక్యం ఉన్న వాక్యంకంటే ఎక్కువ అనుమానాన్ని కలిగిస్తుంది. 'సంపూర్ణం' అన్న ధ్రువీకరణను కూడా అబద్ధం చేస్తుంది.

అలాగని ప్రతిపదానికీ ప్రతిపదం పెట్టడం కూడా అనువాదం కాదు. అదే ధ్రువపత్రంలో 'అలా రఅస్ అమలిహి' అన్న పదబంధం ఉంటుంది. విడదీసి చూస్తే 'తన పని తలమీద' అని వస్తుంది. దాని అర్థం 'ఇప్పటికీ ఉద్యోగంలో కొనసాగుతున్నాడు' అని మాత్రమే. 'రఅస్' అంటే తల గనుక 'విభాగాధిపతి' అని ఇంగ్లీషులో రాస్తే ఒక డ్రైవరు అధికారి అయిపోతాడు. అతని జీతం ఆ హోదాకు సరిపోదు. అనుమానం అక్కడే మొదలవుతుంది. 'రఅస్ మాల్' అంటే మూలధనం అన్న సంగతి కూడా ఈ సందర్భంలోనే గుర్తుంచుకోవాలి.

4. తెలిసినట్టు కనిపించే పదాలు:

తెలుగు వ్యవహారభాషలో, ముఖ్యంగా రెవెన్యూ, న్యాయస్థాన, వ్యాపార రంగాల్లో అరబ్బీ, పారసీక పదాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. కుతుబ్‌షాహీ, ఆసఫ్‌జాహీ పాలనలు వీటికి నేపథ్యం. సి.పి. బ్రౌన్ ఇటువంటి పదాలకోసమే 1854లో ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువును ప్రకటించాడు. ఈ పదాలు అరబ్బీ నుంచి పారసీకంలోకి, అక్కడి నుంచి ఉర్దూ, దక్కనీల ద్వారా తెలుగులోకి వచ్చేసరికి చాలాచోట్ల అర్థం మారింది. పదరూపం పరిచయమైనదే గనుక అర్థం కూడా పరిచయమైనదే అనుకోవడం తెలుగు, ఉర్దూ తెలిసిన అనువాదకునికి ఎదురయ్యే ప్రధానమైన ప్రమాదం.

4.1. రసీదు: తెలుగులో రసీదు అంటే సొమ్ము ముట్టినట్లు ఇచ్చే పత్రం. ఇది 'చేరింది' అన్న అర్థంగల పారసీక క్రియారూపం నుంచి వచ్చింది. అరబ్బీ బ్యాంకు పత్రంలోని 'రసీద్' వేరే ధాతువుకు చెందిన వేరే పదం. దాని అర్థం ఖాతాలోని నిల్వ. 'రసీద్ ఇఫ్తితాహీ' అంటే ప్రారంభనిల్వ, 'రసీద్ ఖితామీ' అంటే ముగింపునిల్వ. అరబ్బీ లిపిలో ఈ రెండు పదాలకు వాడే సకారాలు వేరు. తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఆ భేదం మాయమై రెండూ ఒక్కటిగా కనిపిస్తాయి.

4.2. హవాలా: భారతీయ భాషల్లో ఈ మాటకు చట్టవిరుద్ధమైన ధనప్రవాహం అన్న అర్థం స్థిరపడింది. అరబ్బీ బ్యాంకు వివరణపత్రంలో 'హవాలా' అంటే మామూలు నగదు బదిలీ. ప్రతినెలా ఇంటికి పంపిన సొమ్ముకు ఎదురుగా ఈ పదమే కనిపిస్తుంది. దీనిని అదే రూపంలో ఇంగ్లీషులో ఉంచితే, చట్టబద్ధంగా సంపాదించి బ్యాంకు ద్వారా పంపిన సొమ్ము నేరధనంగా ధ్వనిస్తుంది. 'బదిలీ' అన్న అర్థమిచ్చే సాధారణ ఇంగ్లీషు పదమే ఇక్కడ వాడాలి.

4.3. బదులు: తెలుగులో బదులు అంటే ప్రత్యామ్నాయం, జవాబు, అప్పు అన్న అర్థాలున్నాయి. 'చేబదులు' అన్న సమాసం అందరికీ తెలిసినదే. అరబ్బీ జీతపత్రంలో 'బదల్' అంటే భత్యం. 'బదల్ సకన్' ఇంటి అద్దె భత్యం, 'బదల్ నఖ్ల్' రవాణా భత్యం. ఇవి ఆదాయంలో భాగాలు. అప్పు అన్న అర్థం వచ్చేలా అనువదిస్తే ఆదాయం ఋణంగా మారిపోతుంది.

4.4. జారీ: ఉత్తర్వులు జారీ చేయడం మనకు తెలిసిన ప్రయోగం. అరబ్బీలో ఈ పదానికి మూలార్థం 'ప్రవహించేది, నడుస్తున్నది'. 'హిసాబ్ జారీ' అంటే నడిచే ఖాతా, అంటే కరెంటు ఖాతా. పొదుపుఖాతాకు 'హిసాబ్ తౌఫీర్' అని పేరు.

4.5. బాకీ: అరబ్బీలో 'బాఖీ' అంటే మిగిలినది. తెలుగులో అది చెల్లించవలసిన అప్పుగా స్థిరపడింది. పత్రంలో ఈ పదంగాని, దాని ధాతువు నుంచి వచ్చిన రూపాలుగాని కనిపించినప్పుడు మిగిలినది ఖాతాలోని సొమ్మా, చెల్లించవలసిన ఋణమా అన్నది వాక్యాన్ని బట్టి, వరుసను బట్టి నిర్ణయించాలి.

4.6. దాఇన్, మదీన్: ఈ రెండూ తెలుగులోకి రాని పదాలు. కాని ఖాతా పట్టికకు ఇవే ఇరుసు. రెండూ ఋణవాచకమైన ఒకే ధాతువు నుంచి పుట్టాయి. నిఘంటువులో 'దాఇన్' అంటే అప్పిచ్చినవాడు, 'మదీన్' అంటే అప్పుపడ్డవాడు. బ్యాంకు పట్టికలో మొదటిది జమ, రెండవది ఖర్చు. ఖాతాదారు బ్యాంకుకు సొమ్ము ఇచ్చాడు గనుక అతను అప్పిచ్చినవాడు అన్న పద్దుశాస్త్ర దృష్టి దీనిలో ఉంది. 'రసీద్ దాఇన్' అంటే ఖాతాలో ఉన్న జమనిల్వ. ధాతువర్థాన్ని పట్టుకుని దానిని 'అప్పు నిల్వ' అని అనువదిస్తే, సొమ్ము ఉన్నదని నిరూపించవలసిన పత్రం అప్పు ఉన్నదని నిరూపిస్తుంది.

4.7. కఫీల్, కఫాలా: గల్ఫ్ వలసజీవుల తెలుగులో 'కఫీల్' అంటే పనికి రప్పించి నివాసానుమతికి బాధ్యత వహించే యజమాని. అది నివాసపత్రాల్లో సరిపోయే అర్థం. బ్యాంకు పత్రంలో అదే పదానికి ఋణానికి పూచీపడిన జామీనుదారు అన్న అర్థం ఉంటుంది. ఒకే దరఖాస్తులో రెండు పత్రాలూ ఉన్నప్పుడు రెండుచోట్లా ఒకే ఇంగ్లీషు పదం వాడటం తగదు.

అన్ని పదాలూ మోసం చేయవు. రుసుము (రుసూమ్), నగదు (నఖ్ద్), హిసాబు (హిసాబ్) దాదాపు అదే అర్థంతో రెండుచోట్లా ఉన్నాయి. అందువల్లనే ప్రమాదం పెరుగుతుంది. నాలుగు పదాలు సరిపోయిన తరువాత ఐదవదాన్ని కూడా సరిచూడకుండా నమ్ముతాం.

ఇస్లామిక్ బ్యాంకింగ్ పదాల విషయంలో మరో జాగ్రత్త అవసరం. 'రిబ్హ్' అంటే లాభం. 'ఫాఇదా' అంటే వడ్డీ. వడ్డీని నిషేధించిన వ్యవస్థలో నడిచే బ్యాంకు ఖాతాదారుకు ఇచ్చేది లాభభాగం. దానిని వడ్డీ అని అనువదించడం పత్రం చెప్పని మాట చెప్పడమే. 'మురాబహా' అంటే బ్యాంకు వస్తువును కొని, లాభం కలిపి, వాయిదాల మీద ఖాతాదారుకు అమ్మే ఒప్పందం. 'ఇజారా' అంటే అద్దె లేదా లీజు. తెలుగులో ఇజారా అన్నమాట భూమిశిస్తు గుత్తలనూ, ఇజారాదారులనూ గుర్తుచేస్తుంది. ఇటువంటి సాంకేతికపదాలను లిప్యంతరీకరించి, చతురస్ర కుండలీకరణాల్లో క్లుప్తవివరణ ఇవ్వడం మంచి పద్ధతి.

5. అంకెలు, మొత్తాలు:

5.1. అంకెల రూపం: తూర్పు అరబ్బు దేశాల్లో వాడే అంకెలను అరబ్బులు 'అర్ఖామ్ హిందియ్యా' అంటారు. భారతీయ అంకెలు అని దాని అర్థం. పేరు మనదే అయినా రూపం మనకు అపరిచితం. సున్న ఒక చుక్క. ఐదు ఒక చిన్న వలయం. మన కంటికి అది సున్నలా కనిపిస్తుంది. ఆరు మనం రాసే ఏడును పోలి ఉంటుంది. ఏడు, ఎనిమిది ఒకదానిని తిప్పితే మరొకటి అవుతాయి. నకలు తీసిన కాగితంలో చుక్క చెరిగిపోతే 500 కాస్తా 50గా, 5గా మిగులుతుంది. కాగితం మీది మరక అదనపు సున్న కూడా కావచ్చు. అందుచేత అంకెలను ఎప్పుడూ అక్షరాల్లో రాసిన మొత్తంతో పోల్చిచూడాలి. అరబ్బీ వాక్యం కుడినుంచి ఎడమకు సాగినా సంఖ్య మాత్రం మనలాగే ఎడమవైపు పెద్దస్థానంతో ఉంటుంది.

5.2. దశాంశస్థానాలు: సౌదీ రియాలు 100 హలాలాలు, ఎమిరేట్స్ దిర్హము 100 ఫిల్సులు, కతర్ రియాలు 100 దిర్హములు. కువైట్, బహ్రయిన్ దీనార్లు మాత్రం 1000 ఫిల్సులు. ఒమాన్ రియాలు 1000 బైసాలు. కనుక ఈ మూడు దేశాల పత్రాల్లో దశాంశబిందువు తరువాత మూడు అంకెలుంటాయి. 250.750 కువైట్ దీనార్లు అంటే రెండువందల యాభై దీనార్ల ఏడువందల యాభై ఫిల్సులు. పైగా అరబ్బీ దశాంశచిహ్నం ఇంగ్లీషు కామాను పోలి ఉంటుంది. దానిని వేలస్థానపు కామాగా భావిస్తే మొత్తం వెయ్యిరెట్లు పెరుగుతుంది. లక్షలు, కోట్లుగా కామాలు పెట్టే మన అలవాటును కూడా ఇక్కడ పక్కన పెట్టాలి. మొత్తాలను మూలద్రవ్యంలోనే ఉంచాలి. రూపాయల్లోకో, పౌండ్లలోకో మార్చిన లెక్కను అవసరమైతే దరఖాస్తుదారు వేరే కాగితంలో ఇవ్వవచ్చు. అది అనువాదంలో భాగం కాదు.

5.3. సంఖ్యావాచకాలు: చెక్కులు, ఒప్పందాల్లో మొత్తం 'ఫఖత్' అన్న మాటతో మొదలై 'లా ఘైర్' అన్న మాటతో ముగుస్తుంది. 'మాత్రమే', 'మరేమీ లేదు' అని వాటి అర్థాలు. మనం 'అక్షరాలా' అని మొదలుపెట్టి 'మాత్రమే' అని ముగించడం వంటిదే ఇది. ఆ రెంటి మధ్యనున్న నిర్మాణమే క్లిష్టమైనది.

తెలుగులో 'ఇరవై ఐదు' అని పదుల తరువాత ఒకట్లు వస్తాయి. అరబ్బీలో 'ఖమ్సా వ ఇష్రూన్', అంటే 'ఐదు మరియు ఇరవై' అని ఒకట్లు ముందు వస్తాయి. 25,300ను 'ఐదు మరియు ఇరవై వేలు మరియు మూడువందలు' అనే క్రమంలో రాస్తారు. అలవాటు లేనివారు తొలి 'ఐదు'ను వేలతో కలపకుండా విడిగా తీసుకుంటే 20,305 అవుతుంది.

అరబ్బీలో ఏకవచన, బహువచనాలతోపాటు ద్వివచనం ఉంది. సంస్కృతం చదివిన తెలుగు పరిశోధకులకు ఇది కొత్తకాదు. రెండువేలు అనడానికి 'రెండు' అన్న పదం రాయరు. 'వెయ్యి'కే ద్వివచనరూపం వాడతారు. దాని తరువాత ద్రవ్యం పేరు వచ్చినప్పుడు ద్వివచన ప్రత్యయంలోని నకారం లోపిస్తుంది. 'అల్ఫ్ రియాల్' అంటే వెయ్యి రియాళ్ళు. 'అల్ఫా రియాల్' అంటే రెండువేల రియాళ్ళు. రాతలో ఈ రెంటి మధ్య భేదం ఒకే ఒక అలిఫ్ అక్షరం, అంటే ఒక నిలువుగీత. ఆ గీతను చూడకపోతే జీతం సగమవుతుంది.

ఇంకొక నియమం: మూడు నుంచి పది వరకు సంఖ్యల తరువాత వస్తువు పేరు బహువచనంలో, పదకొండు నుంచి తొంభైతొమ్మిది వరకు ఏకవచనంలో ఉంటుంది. నామం ఏకవచనంలో ఉన్నంతమాత్రాన సంఖ్య ఒకటి అని భావించరాదు. ఇంగ్లీషులో బహువచనమే వాడాలి.

6. తేదీలు:

సౌదీ అరేబియా పత్రాల్లో హిజ్రీ తేదీలు కనిపిస్తాయి. అక్కడి ప్రభుత్వోద్యోగుల జీతాల గణన 2016లో గ్రెగోరియన్ క్యాలెండరుకు మారినా, ఒప్పందాలు, నివాసపత్రాలు, పాత ధ్రువపత్రాల్లో హిజ్రీ కొనసాగింది. తేదీ పక్కన 'హా' అక్షరం ఉంటే హిజ్రీ, 'మీమ్' అక్షరం ఉంటే మీలాదీ, అంటే క్రీస్తుశకం.

మన పంచాంగం కూడా చాంద్రమానమే అయినా అధికమాసాలతో సౌరమానానికి సర్దుకుంటుంది. హిజ్రీలో అధికమాసం లేదు. సంవత్సరం 354 లేదా 355 రోజులు. అందుచేత అది గ్రెగోరియన్ సంవత్సరంతో పోలిస్తే ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. సంవత్సరాల మధ్య స్థిరమైన భేదాన్ని కూడి తీసివేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. సౌదీలో హిజ్రీ 1445 రమదాన్ 1వ తేదీ 2024 మార్చి 11న వచ్చింది. హిజ్రీ 1446 ముహర్రమ్ 1 అదే సంవత్సరం జూలై 7న వచ్చింది. నెలవంక దర్శనాన్ని బట్టి దేశాల మధ్య ఒకరోజు తేడా ఉండవచ్చు గనుక సౌదీ పత్రాలకు ఆ దేశపు అధికారిక ఉమ్ముల్‌ఖురా క్యాలెండరుతోనే సరిచూడాలి.

ఈ ఒక్కరోజుకు కూడా విలువ ఉంది. బ్రిటన్ విద్యార్థి వీసాకు నిర్దేశించిన సొమ్ము వరుసగా 28 రోజులు ఖాతాలో నిలిచి ఉండాలి. ఆ గడువు ముగిసిన తేదీ దరఖాస్తు తేదీకి 31 రోజుల లోపలిదై ఉండాలి. హిజ్రీ నెల 29 లేదా 30 రోజులు. మార్పిడిలో ఒకరోజు తప్పితే 28 రోజులు 27 కావచ్చు. అనువాదంలో మూలంలోని హిజ్రీ తేదీని ఉన్నది ఉన్నట్టుగా రాసి, గ్రెగోరియన్ తేదీని చతురస్ర కుండలీకరణాల్లో అనువాదకుని చేర్పుగా చూపడం సరియైన పద్ధతి. హిజ్రీని తొలగించి గ్రెగోరియన్ మాత్రమే ఇస్తే అధికారి మూలంతో పోల్చుకునే వీలుండదు.

చేతిరాతలో రోజు కుడివైపున, సంవత్సరం ఎడమవైపున ఉండటం సాధారణం. కంప్యూటరు ముద్రణలో ఈ క్రమం తారుమారు కావచ్చు. రోజు, నెల రెండూ పన్నెండులోపు అంకెలైనప్పుడు పత్రంలోని ఇతర తేదీలను చూసి క్రమాన్ని నిర్ధారించుకోవాలి. అనువాదంలో నెలను అంకెతో కాక పేరుతో రాస్తే సందేహం తొలగుతుంది.

7. వ్యక్తినామాలు:

తెలుగు పేర్లు అరబ్బీ లిపిలోకి వెళ్ళి తిరిగి ఇంగ్లీషులోకి రావడంలో చాలా మార్పు జరుగుతుంది. ప్రామాణిక అరబ్బీలో ప, గ, చ, వ్యావహారికంగా మనం పలికే వ ధ్వనులకు ప్రత్యేకాక్షరాలు లేవు. మూర్ధన్యాలు, ఒత్తక్షరాల భేదాలు నిలవవు. హ్రస్వాచ్చులను సాధారణంగా రాయరు. పరభాషానామాలకు మాత్రం దీర్ఘాచ్చులతో రాసే అలవాటు ఉంది. అందుచేత 'పద్మ' బద్మా అవుతుంది, 'రమణ' రామానా అవుతుంది, 'వేణు' ఫీనో లేదా వీనో అవుతుంది. 'గోపాల్' గుమాస్తాను బట్టి ఘోబాల్, జోబాల్, ఖోబాల్, కోబాల్ రూపాల్లో దేనిలోనైనా ఉండవచ్చు. 'చంద్ర'లోని చకారం తకార శకారాల కలయికగా గాని, వట్టి శకారంగా గాని మారుతుంది.

ఈ రూపాలను ధ్వన్యనుసరణతో ఇంగ్లీషులోకి తెస్తే పాస్‌పోర్టులోని పేరుతో పొసగని కొత్త వ్యక్తి పుడతాడు. వ్యక్తినామాన్ని పాస్‌పోర్టులోని వర్ణక్రమంతో రాయడం అనువాదకుల్లో అంగీకారమున్న పద్ధతి. కాని అది గుడ్డిగా చేయవలసిన పనికాదు. అరబ్బీలోని పేరు ధ్వనిపరంగా పాస్‌పోర్టు పేరుకు సరిపోతుందా, పత్రంలోని పాస్‌పోర్టు సంఖ్యగాని నివాసపత్రపు సంఖ్యగాని అదే వ్యక్తిదా అన్నది ముందు చూసుకోవాలి. పేరులో ఒక భాగం మూలంలో లేకపోతే అనువాదంలో చేర్చకూడదు. 'మూలంలో ఇంటిపేరు లేదు' అని సూచిక రాయాలి. తెలుగువారి ఇంటిపేరు ముందు రావడం, గల్ఫ్ గుర్తింపుకార్డుల్లో భాగాలన్నీ ఒకే వరుసలో ఉండటం వల్ల ఈ సమస్య తరచుగా వస్తుంది. మూలంలోనే పేరు తప్పుపడితే దానిని సరిచేయించవలసింది పత్రం ఇచ్చిన సంస్థ చేత. అనువాదకుడు మౌనంగా సరిచేయరాదు.

8. పట్టిక, ముద్ర, సంతకం:

అరబ్బీ పట్టికలో మొదటి వరుస కుడివైపున ఉంటుంది. అంటే తేదీ కుడి చివర, నిల్వ ఎడమ చివర. ఇంగ్లీషు పట్టిక దీనికి అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి. శీర్షికలను మాత్రం తిప్పి అంకెలను ఉన్నచోటే ఉంచితే జమ, ఖర్చు వరుసలు తారుమారవుతాయి. దీనిని పట్టుకునే సులువైన మార్గం లెక్క సరిచూడటం: ప్రారంభనిల్వకు జమలు కలిపి ఖర్చులు తీసివేస్తే ముగింపునిల్వ రావాలి.

గుండ్రని ముద్రలోని కంపెనీ పేరు, వాణిజ్య నమోదుసంఖ్య కూడా పాఠమే. వాటిని 'ముద్ర:' అని సూచించి అనువదించాలి. సంతకం ఉన్నచోట 'సంతకం' అని చతురస్ర కుండలీకరణాల్లో రాయాలి. చదవడానికి వీలుకాని భాగాన్ని అలాగే ప్రకటించాలి. ఊహించి నింపడంకంటే చదవలేకపోయామని చెప్పడమే ధ్రువీకరణకు విలువనిస్తుంది. ఫోను కెమెరా ద్వారా అనువదించే సాధనాలు ముద్రిత పాఠం స్థూలభావాన్ని తెలుసుకోవడానికి ఉపకరిస్తాయి. కాని అవి ధ్రువీకరణపై సంతకం చేయవు, తప్పుకు బాధ్యత వహించవు.

9. ధ్రువీకరణ - మన పరిస్థితి:

ఎమిరేట్స్ వంటి దేశాల్లో న్యాయమంత్రిత్వశాఖ అనుమతి పొందిన అనువాదకులుంటారు. పత్రం పుట్టినచోటే అనువాదం చేయించుకోవడం దరఖాస్తుదారుకు సులభం. సెలవుమీద ఇంటికి వచ్చాక అనువాదం అవసరమని తెలిసినవారికి ఇక్కడ నోటరీ ముద్రే శరణ్యమవుతున్నది. 1952 నాటి నోటరీల చట్టం పత్రాలను అనువదించడం, అనువాదాన్ని సరిచూడటం కూడా నోటరీ విధుల్లో చేర్చింది. కాని అరబ్బీ తెలియని నోటరీ అనువాదకుని సంతకాన్ని మాత్రమే ధ్రువీకరించగలడు. అనువాదం సరియైనదన్న హామీ అరబ్బీ తెలిసిన అనువాదకుని నుంచే రావాలి.

ఈ విషయంలో హైదరాబాదుకు ఉన్న వనరులు తక్కువవి కావు. అరబ్బీ ప్రాచీనగ్రంథాల పరిష్కరణకు ప్రసిద్ధమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1888లో ఇక్కడే స్థాపితమైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయాల్లో అరబ్బీ విభాగాలున్నాయి. మరోవైపు తెలుగు విభాగాల్లో అనువాదం పాఠ్యాంశంగా ఉంది. ఈ రెండూ కలిసి పత్రానువాదాన్ని ఒక పాఠ్యాంశంగా రూపొందించుకోవచ్చు. వలసకుటుంబాలు వాడుతున్న కఫీల్, అఖామా వంటి పదాలను, పత్రాల్లోని పదాలను కలిపి అరబ్బీ - తెలుగు - ఇంగ్లీషు త్రిభాషా పదకోశాన్ని నిర్మించడం పరిశోధకులకు సాధ్యమైన, సమాజానికి అవసరమైన పని.

10. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. వీసా కోసం చేసే ఆర్థికపత్రాల అనువాదం మూలంలో ఉన్నదానిని చూపే అనువాదం. అందులో చేర్పులకు, తొలగింపులకు చోటు లేదు. అనువాదకుని చేర్పు ఏదైనా చేర్పుగానే కనిపించాలి.

2. తెలుగులోని అరబ్బీ, పారసీక పదసంపద అనువాదకునికి సాయపడుతూనే రసీదు, హవాలా, బదులు, జారీ, బాకీ వంటిచోట్ల తప్పుదారి పట్టిస్తుంది.

3. అంకెల రూపం, మూడు దశాంశస్థానాల ద్రవ్యాలు, ఒకట్లు ముందువచ్చే క్రమం, ద్వివచనం అనే నాలుగుచోట్ల మొత్తం మారిపోయే ప్రమాదం ఉంది. అంకెలను, అక్షరాలను, పట్టిక లెక్కను పరస్పరం సరిచూడటమే దీనికి విరుగుడు.

4. హిజ్రీ తేదీని మూలరూపంలోనూ, గ్రెగోరియన్ రూపంలోనూ ఇవ్వాలి. వ్యక్తినామం పాస్‌పోర్టు వర్ణక్రమంలో ఉండాలి. భేదం ఉంటే సూచిక రాయాలి.

5. ధ్రువీకరణకు విలువ ముద్రవల్ల రాదు. భాష తెలిసిన వ్యక్తి తన పేరుతో వహించే బాధ్యతవల్ల వస్తుంది.

పూర్వం మన గ్రామకరణాలు, మున్షీలు పారసీక పత్రాలను చదివి రైతుకు అర్థంచేసి చెప్పేవారు. ఇవాళ కువైట్ నుంచి వచ్చిన కాగితాన్ని లండన్ అధికారికి అర్థమయ్యేలా చేయవలసిన పని మన ముందుంది. అక్షరం చదవగలిగినవాడి మీద చదవలేనివాడు పెట్టుకున్న నమ్మకం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఆ నమ్మకానికి తగిన శిక్షణ ఇవ్వడం భాషావిభాగాల బాధ్యత.